నాలుగో సీటు

పోయిన ఆదివారం చర్చిలో ఆమె శవపెట్టెను ముందు పెట్టుకుని ఫాదర్ నాలుగు మంచి మాటలు చెప్పారు. చేతిలో జపమాల లేనప్పుడు కూడా ఆమె వేళ్ళ కణుపుల మీద జపం లెక్కపెట్టుకుంటూనే ఉండేదట. బస్టాండులో చూశారట, బజారులో చూశారట, పెళ్ళి భోజనాల దగ్గర కూడా చూశారట. పెళ్ళి భోజనాలనగానే నా పక్కనున్న నర్సమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. ఆమెకు అవతలున్న సరోజ కొంగు నోట్లో కుక్కుకుంది. వెనక వరుసల వాళ్ళు మేం ముగ్గురం ఏడుస్తున్నామనుకున్నారు. ఏడుస్తూనే ఉన్నాం, అది వేరే సంగతి. కానీ ఆ బొటనవేలు కణుపుల మీద తిరిగింది దేవమాత కోసం కాదు, ఇడ్లీల కోసం.

జ్వరం వచ్చి వారం తిరక్కముందే మనిషి పోయింది. ఆమె బరువుకూ ఆ జ్వరానికీ సంబంధం లేదని నర్సమ్మ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూ తిరిగింది. మంచి పని చేసింది. ఒకప్పుడు లావుగా ఉన్న మనిషి దేనితో పోయినా లావుతోనే పోయిందనుకునే లోకం ఇది.

నాకు కోపం తెప్పించింది ఫాదర్ మాట కాదు. పెట్టె చుట్టూ తిరిగి చూసిన ప్రతివాళ్ళూ ఒకే మాట అన్నారు. "నిద్రపోతా ఉండేట్లే ఉండాది కదమ్మా!" చావింట్లో అందరూ అనే మాటే, తప్పేమీ లేదు. కానీ ఆమె నిద్ర వీళ్ళలో ఎంతమంది చూశారని? నేను చూశాను. ఒక్కసారి చూశాను. అది చెప్పాలంటే ముందు మా రైలు సంగతి చెప్పాలి.

గనులు మూతపడ్డాక మా కేజీఎఫ్‌లో సగం ఇళ్ళకు అన్నం పెట్టేది బెంగళూరే. తెల్లవారుతుండగా మారికుప్పంలో బయలుదేరే బండిలో మా ఆడవాళ్ళ బతుకు చాలా భాగం గడిచిపోతుంది. తల దువ్వుకునేది అందులోనే, టిఫిను తినేది అందులోనే, అత్తల్ని తిట్టుకునేది అందులోనే. నేను కృష్ణరాజపురంలో ఒక బడిలో టీచరును. ఆమె కంటోన్మెంటు దగ్గర ఒక కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. ఇద్దరం ఊరిగాంలో ఎక్కేవాళ్ళం. కంటోన్మెంటులో నర్సుగా చేసే నర్సమ్మ, గార్మెంట్స్ పనికి పోయే సరోజ బంగారపేటలో ఎక్కేవాళ్ళు. మా నలుగురిదీ ఒకటే బెంచీ.

ఆ బెంచీ ముగ్గురికోసం చేసింది. కానీ మా బండిలో నలుగురు కూర్చోవాలి. అది రైల్వేవాళ్ళు పెట్టిన చట్టం కాదు, మేం పెట్టుకున్న చట్టం. "స్వల్ప అడ్జస్ట్ చేసుకోండమ్మా" అని ఎవరైనా వచ్చి నిలబడ్డారంటే ముగ్గురూ జరగాల్సిందే. నాలుగో మనిషికి సగం సీటు, సగం గాలి. ఒక తొడ బెంచీ మీద, ఇంకో తొడ దారిలో పెట్టుకుని మాలూరు దాకా ఊగుతూ పోవాలి. అయినా అది కూర్చున్నట్టే లెక్క. మా రైలు పెట్టెలో నాలుగో సీటు ఇవ్వనిదానికి మంచిపేరు ఉండదు. నాలుగో సీటుకు పనికిరానిదానికి అసలు పేరే ఉండదు, అందరూ ఆమె వైపు చూడకుండా పక్కకు చూస్తారు.

ఆమె మొదట్లో పనికిరానిదే. మనిషి ఎత్తుకు తగ్గ ఒళ్ళు కాదు, ఎత్తును మించిన ఒళ్ళు. ఊరిగాంలోనే ఎక్కేది కాబట్టి కిటికీ సీటు దొరికేది. ఆమె కూర్చున్నాక ఆ బెంచీలో ఇంకా ఇద్దరికే చోటు. ఒకరోజు బంగారపేటలో ఎక్కిన ఒకావిడ, ఎవరో మాకు తెలీదు, పిల్లవాణ్ణి చంకనేసుకుని నిలబడి పెట్టెంతా వినబడేలా అంది, "ఇద్దరి జాగా పట్టేటప్పుడు రెండు టికెట్లు తీసుకోవాల్సింది." నేను నోరు తెరిచేలోపల ఆమే లేచి, "రామ్మా, కూచో, పిల్లోడు ఉండాడు గదా" అని నవ్వుతూ సీటిచ్చి తలుపు దగ్గరికి పోయింది. మరునాటి నుంచి కూర్చోవడమే మానేసింది.

కొన్ని నెలల తర్వాత పొట్ట కోయించుకుని చిన్నది చేయించుకుంది. ఆపరేషనుకు ముందురోజు కూడా మాతో ఒక్కమాట అనలేదు. తిరిగి వచ్చాక చెప్పింది, "నా పొట్ట ఇప్పుడు అరటికాయంత టీచరమ్మా. అంతే. దానిలోనే అంతా సర్దుకోవాల." ఏడాది తిరిగేసరికి మనిషి సగమైంది. గాజులకు దారం చుట్టుకుంది. పాత జాకెట్లు సరోజ విప్పి మళ్ళీ కుట్టలేక, "అక్కా, ఒక జాకెట్టులో నీకూ నాకూ అవుతాది" అని విసుక్కుంది. ఆ విసుగు వింటూ ఆమె ఎంత మురిసిపోయిందో!

అప్పటినుంచి ఆమెకొక పిచ్చి పట్టింది. ఊరిగాంలో బండి ఖాళీగా ఉంటుంది. కిటికీలు ఖాళీ, బెంచీలు ఖాళీ. ఈవిడ మాత్రం మా బెంచీ చివర, దారివైపు, ఒక తొడ గాలిలో పెట్టుకుని కూర్చునేది. "ఎందుకే అక్కా, హాయిగా లోపలికి జరుగు" అంటే వినదు. "నేను నాలుగో సీటు" అనేది, ఉద్యోగం పేరు చెప్పినట్టు. ఖాళీ బండిలో ఆ చివరన వేలాడుతున్న మనిషిని చూసి టికెట్టు కలెక్టరు కూడా ఒకసారి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఇంకో సంగతి. మా బండిలో త్యాకల్ దాటాక అందరూ నిద్రపోతారు. ఇంట్లో చాలని నిద్ర అక్కడే పోవాలి. ఆమె మాత్రం పోదు. లావుగా ఉన్నప్పుడూ పోలేదు, సన్నబడ్డాకా పోలేదు. మోచేతులు రెండూ పక్కలకు నొక్కిపెట్టి, చేతులు ఒళ్ళో కట్టుకుని, బడిపిల్లలా కూర్చుని, ఎవరి స్టేషనుకు వాళ్ళను లేపేది. "సరోజా, హూడీ." "టీచరమ్మా, లేయండి, కేఆర్ పురం." ఆమెను నమ్ముకుని మేం గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్ళం. ఎంత మంచి మనిషి, మాకోసం కాపలా కాస్తుంది అనుకునేదాన్ని. ఒకసారి అడిగాను కూడా, నీకు నిద్ర రాదా అని.

"వస్తాది టీచరమ్మా, ఎందుకు రాదు? నిద్రపోతే ఒళ్ళు మన మాట వినదు కదా. వదిలేస్తాది. పక్కనుండేవాళ్ళ మీద పడతాది." ఆ మాట మామూలుగా అనేసి, ముందు బెంచీలో ఆవిడ కళ్ళద్దాలు ఆమె ముఖానికి నప్పలేదని చెప్పడం మొదలుపెట్టింది.

అంతా బాగానే ఉండగా ముద్ద వచ్చింది.

మా అత్తవాళ్ళ సొంతూరు సుగటూరు. ఊళ్ళో జాతరకు మా బెంచీవాళ్ళందరినీ భోజనానికి పిలిచాను. కోలారు సీమలో జాతర భోజనమంటే చెప్పేదేముంది, రాగిముద్ద, మాంసం పులుసు. మా అత్త ఒక్కో ముద్ద కొబ్బరికాయంత చేసి పెడుతుంది. చిన్నది చేస్తే వచ్చినవాళ్ళను అవమానించినట్టు ఆమెకు. ముద్దను మేం నమలం. తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగడమే. పుట్టినప్పటి నుంచి అంతే. నమిలితే పళ్ళకు అతుక్కుంటుందని, నమిలేవాడు పరాయి ఊరివాడని చిన్నప్పుడే నేర్పిస్తారు. డాక్టర్లు ఆమెకు ఏది తిన్నా బాగా నమిలి తినమని మరీమరీ చెప్పారు. ఆమె అన్నం నమిలింది, చపాతీ నమిలింది, ఇడ్లీని కూడా నమిలింది. ముద్దను నమలాలని మాత్రం తోచలేదు. నర్సుగా ఇరవై ఏళ్ళు చేసిన నర్సమ్మకే తోచలేదు. ముద్దను నమలాలని ఎవరికి తోస్తుందమ్మా?

మూడు తునకలు మింగింది. నాలుగోది గుండె దగ్గర నిలిచిపోయింది. కిందికి పోదు, పైకి రాదు. ముఖం నల్లబడిపోయింది, కళ్ళ వెంట నీళ్ళు. నర్సమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. చాలాసేపటికి కక్కుకుంది. మా అత్త హడలిపోయి, "నా చేతి ముద్దలో ఏం దోషం ఉండాదమ్మా" అని ఏడ్చింది. ఆమె అంత బాధలోనూ మా అత్త చెయ్యి పట్టుకుని, "నీ ముద్ద బంగారమవ్వా, నా పొట్టే చిన్నది" అంది.

ఆ భయం ఆమెను వదల్లేదు. ముద్ద మానేసింది. ముద్దతోపాటు నమిలేవన్నీ మానేసింది, మాంసం, కూరగాయలు, చపాతీ. జారేవి మొదలుపెట్టింది. టీలో ముంచిన బన్ను, టీలో ముంచిన రస్కు, పాయసం, ఐస్‌క్రీము. అవి అరటికాయంత పొట్టలో కూడా అడ్డం పడవు, జారిపోతాయి. జారిపోయి ఎక్కడికి పోతాయి? ఒంటికే పోతాయి.

బరువు మళ్ళీ వస్తోందని ఆమె ఇంట్లో మిషను కంటే ముందు మా బెంచీకి తెలిసింది. మొదట ఆమెకూ నాకూ మధ్య సందు పోయింది. తర్వాత నేను నర్సమ్మ మీదికి జరిగాను, నర్సమ్మ సరోజ మీదికి, సరోజ కిటికీ కమ్మీల మీదికి. ఎవరమూ నోరెత్తలేదు. ముగ్గురమూ పొట్ట లోపలికి పీల్చుకుని, ఊపిరి బిగబట్టి కూర్చోవడం నేర్చుకున్నాం. మాలో మేం అనుకోలేదు, ఒట్టు. ఎవరంతట వాళ్ళమే అలా చేశాం.

ఒకరోజు మాలూరులో ఆమె జామకాయలమ్మే ఆవిడ కోసం లేచింది. లేవగానే మా ముగ్గురి ఊపిరీ ఒక్కసారిగా బయటికి వచ్చింది. హుస్సుమని. పెట్టెలో ఇంకెవరికీ వినబడి ఉండదు. ఆమె వెనక్కి తిరిగి ముగ్గురినీ చూసింది. జామకాయ కొనలేదు. మళ్ళీ కూర్చోనూ లేదు.

మరునాడు తలుపు దగ్గర, చేతులు కడుక్కునే తొట్టి పక్కన నిలబడింది. నాకు ఒళ్ళు మండింది. పోయి చెయ్యి పట్టుకుని లాగాను. "ఎవరైనా ఏమైనా అన్నారా నిన్ను? ఆడ నీ సీటు ఖాళీగా ఉండాది, ఈడ నిలబడి ఎవరికి చూపిస్తావు?"

"ఎవురూ ఏమీ అనలేదు టీచరమ్మా. అని ఉంటే తిట్టేసి కూచునేదాన్ని. మీరు ముగ్గురూ ఊపిరి బిగబట్టుకోని ఉంటే నేను కూచున్నట్లే కాదు."

"మేం బిగబట్టలేదు."

"టీచరు అబద్ధం చెప్పకూడదు" అంది. అని తలుపు కమ్మీకి తలానించింది. "ఇంగ కూచుంటే మీరు మామూలుగా ఊపిరి తీసుకునేటప్పుడే కూచుంటాను. అంతవరకూ ఇట్లే."

హాస్పిటల్లో మళ్ళీ కోయాల్సి రావచ్చని భయపెట్టారట. అంతకంటే ముందు ఆహారం సంగతి చూసే ఒక అమ్మాయి దగ్గరికి పంపారు. ఆ అమ్మాయి ఉత్తరాదిది, వచ్చీరాని కన్నడలో బాగా ఓపిగ్గా చెప్పిందట. తినే ప్రతిదానికీ ఇన్ని పాయింట్లని ఉంటాయి. రోజుకు ఇన్ని పాయింట్లని ఇస్తారు. వాటిలోపల ఏం తింటావో నీ ఇష్టం. ఉడికించిన గుడ్డు, ఆకుకూర, దోసకాయ లెక్కలోకి రావు. నూనె, చక్కెర, మైదా బాగా లెక్కలోకి వస్తాయి. బన్ను పాయింట్లు విని ఆమె కుర్చీలోంచి లేచిందట.

చివర్న ఆ అమ్మాయిని ఒకటే అడిగింది, "ముద్దకు ఎన్ని?" ఆ అమ్మాయి దగ్గరున్న జాబితాలో పిజ్జా ఉంది, పాస్తా ఉంది, ముద్ద లేదు. ఎంత సైజుంటుందని అడిగింది. దానికి ఈవిడ అడిగిన ప్రశ్న మా బెంచీలో ఈనాటికీ చెల్లుతుంది. "ఎవురింటి ముద్ద?"

ఆ ప్రశ్న మీద మా పెట్టెలో రెండు రోజులు వాదన జరిగింది. నర్సమ్మ ఇంట్లో ముద్ద నిమ్మకాయంత, ఆమె మొగుడు పట్నంవాడు. సరోజవాళ్ళది మాస్తి పక్కన పల్లె, అక్కడ మగవాళ్ళ ముద్ద వేరు, ఆడవాళ్ళ ముద్ద వేరు. మా అత్త ముద్ద సంగతి అందరికీ తెలిసిందే. చివరికి చట్నీ గిన్నెతో కొలిచి, ఆ గిన్నెకు పట్టిందే మా బెంచీ ముద్ద అని తీర్మానించాం. పిండి తూకం చూసి ఆ అమ్మాయే ఫోనులో పాయింట్లు చెప్పింది. చెప్పి, ఇంకోమాట కూడా అంది, నమిలి తినమని.

"ముద్దని నమిలేదేందక్కా!" సరోజ చెయ్యి నెత్తిన పెట్టుకుంది. "మా అవ్వ చూసిందంటే చెయ్యి కడుక్కోని లేసిపోతాది."

"మీ అవ్వకి చెప్పద్దు" అంది ఆమె.

మరునాడు డబ్బాలో ఆ చట్నీ గిన్నె ముద్ద, పక్కన ఆకుకూర పులుసు తెచ్చింది. పెట్టెలో సగంమంది చుట్టూ మూగారు, దొమ్మరాట చూసినట్టు. ఆమె తొట్టి పక్కన నిలబడే గోరంత తుంచి, పులుసులో ముంచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దవడలు కదలడం మొదలైంది. అందరూ ముఖాలు చిట్లించారు. ఎంతసేపు నమిలిందో! అందరికీ విసుగొచ్చి ఎవరి సీట్లకు వాళ్ళు పోయారు. చివరికి మింగి, కాసేపు గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంది. ఏమీ కాలేదు.

"టీచరమ్మా" అంది, కళ్ళు పెద్దవి చేసి. "ఇది తియ్యగా ఉండాది. ఇన్నేండ్లు తిన్నాను, దీని రుచే నాకు తెలీదు చూడు."

ఆ సాయంత్రం ఇంటికి పోయి నేనూ నమిలి చూశాను. నిజమే, తియ్యగా ఉంది. మా అత్త చూసి, "పళ్ళు నొస్తా ఉండాయా?" అని అడిగింది.

అప్పటినుంచి ఆ బొటనవేలు పని మొదలైంది. ఫోనులో ఎక్కించుకోవచ్చు, కానీ ఆమెకు వేళ్ళ మీదే నమ్మకం. తిన్నప్పుడల్లా బొటనవేలు కణుపుల మీద జరిగేది, పెదాలు కదిలేవి. వద్దన్నదల్లా వాసన చూసేది. "వాసనకి పాయింట్లు లేవు" అని మా డబ్బాలన్నీ తెరిపించి, ముక్కు దగ్గర పెట్టుకుని, "సరోజా, మెంతులు మాడ్చినావు" అని మూతపెట్టి ఇచ్చేసేది. ఆమె ముక్కుకు భయపడి నేను పులిహోరలో ఇంగువ సరిగ్గా వెయ్యడం నేర్చుకున్నాను. మనుషులకు కూడా పాయింట్లు వేసేది. మాలూరులో ఎక్కి అందరి జీతాలూ అడిగే ఒకావిడ కనబడగానే, "వస్తా ఉండాది, నేతి జిలేబీ" అని గొణిగేది. నా కోపానికి ఎన్ని పాయింట్లని అడిగితే, "నీది మజ్జిగ టీచరమ్మా, పులుపే గానీ లెక్కలోకి రాదు" అంది. దానికి నాకు ఇంకా కోపం వచ్చింది.

అన్నీ ఇంత సరదాగా జరిగాయని అనుకోవద్దు. ఒక సాయంత్రం తిరుగు బండి బంగారపేటలో ఆగినప్పుడు దిగి చూస్తే ప్లాట్‌ఫారం మీద ఆమె కనబడింది. టీ కొట్టు వెనక గోడవైపు తిరిగి నిలబడి, బన్ను టీలో ముంచుకుంటోంది. సగం అయిపోయింది. నన్ను చూసి దాచలేదు.

"పారెయ్ అక్కా దాన్ని!" అని అరిచాను. నా గొంతు నాకే వినబడింది, బడిలో గొంతు.

"ఆకలి కాదు టీచరమ్మా. పొద్దున మిషను ఎక్కితే మళ్ళా పెరిగినట్టు చూపించింది. ఇంగ తగ్గదేమో అని భయం. భయం వేస్తే తినాలనిపిస్తాది. తింటే ఇంగా భయం. నేనేం చేయాల చెప్పు." ఏడుస్తోంది. నేను ఎప్పుడూ చూడలేదు ఆమె ఏడవడం. రెండు టికెట్లన్న రోజు కూడా ఏడవలేదు.

బండి కూత వేసింది. ఆమె ముక్కు తుడుచుకుని చేతిలోని సగం బన్ను వైపు చూసి, "సగానికి ఎన్నిరా దేవుడా" అంది. బొటనవేలు కణుపుల మీదికి పోయింది. లెక్కపెట్టింది. మిగిలిన సగం అక్కడే తిరుగుతున్న కుక్కకు వేసింది. "రాత్రికి గుడ్డు, దోసకాయ. అంతే మిగిలింది" అని నాకంటే ముందు బండెక్కింది. ఆ రోజు నాకు ఆమె మీద పుట్టిన గౌరవం ఇంతా అంతా కాదు. నేనైతే పోయిందేదో పోయిందని ఇంకో బన్ను కూడా తినేసి ఉండేదాన్ని.

ఒక క్రిస్మసు పోయింది, ఇంటింటి కేకులూ వాసన చూసి పంపించింది. ఎండాకాలం పోయింది. తలుపు దగ్గర నిలబడే ఉంది. అక్కడినుంచే అరిచేది, "సరోజా, హూడీ! టీచరమ్మా, లేయండి!" తగ్గుతోందని మాకు కనబడుతోంది, కానీ కూర్చోమని అడగడానికి భయం. అడిగితే కూర్చోదు, కూర్చోకపోతే ఆ రోజంతా మాకు మనసు బాగుండదు.

వానలు మొదలైన వారంలో ఒక పొద్దున, బంగారపేటలో నర్సమ్మ, సరోజ ఎక్కి సర్దుకున్నాక, ఆమె తొట్టి దగ్గర నుంచి వచ్చి మా ముందు నిలబడింది. కొత్త చీర కట్టుకుంది. "ఈ పొద్దు కూచుంటా" అంది.

ముగ్గురమూ ఒక్కసారిగా లోపలికి జరిగి పొట్టలు బిగించాం. అలవాటు కదా.

"అట్ల వద్దు. జరగద్దండి. ముందు ఉన్నట్టే ఉండండి. ఊపిరి వదలండి ముగ్గురూ. గట్టిగా. సరోజా, నువ్వు దొంగ ఊపిరి వదులుతా ఉండావు, బాగా వదులు. ఇంగోసారి." పెట్టెంతా చూస్తుండగా మేం ముగ్గురం డాక్టరు ముందు పిల్లల్లా హూ, హూ అని ఊపిరి వదిలాం. అప్పుడు ఆమె మెల్లగా, బెంచీ చివర, నా పక్కన కూర్చుంది. ఒక తొడ బెంచీ మీద, ఒక తొడ గాలిలో. తన నెల పాసు తీసి నా తొడకూ తన తొడకూ మధ్య సందులో దూర్చింది. పాసు నిలువునా దిగింది. తీసి మళ్ళీ దూర్చింది. మళ్ళీ దిగింది.

"నాలుగో సీటు" అంది. అంతే. నర్సమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను కిటికీ వైపు చూశాను.

త్యాకల్ దాటింది. వాన జల్లు కొడుతోంది. ఎవరో కిటికీలు దించారు. కాసేపటికి నా భుజం మీద ఏదో బరువు పడింది. చూస్తే ఆమె తల. నిద్రపోయింది. మామూలు నిద్ర కాదది. నోరు తెరుచుకుంది, గురక వస్తోంది, ఒళ్ళో కట్టుకున్న చేతులు విడిపోయి ఒకటి నా ఒళ్ళో పడింది. మోచేతులు వదిలేసింది. ఆమె చెప్పినట్టే ఒళ్ళు ఆమె మాట వినలేదు. పాసు పట్టిన సందు ఎప్పుడో పోయింది. ఆమె నా మీద, నేను నర్సమ్మ మీద, నర్సమ్మ సరోజ మీద పడ్డాం. ఇన్నేళ్ళ నిద్ర అంతా ఒక్కసారే పోతోంది మనిషి. మేం ముగ్గురం మాత్రం ఆ రోజు కన్ను మూయలేదు.

హూడీ వచ్చింది. సరోజ లేవాలంటే మేమంతా లేవాలి. ఆలస్యమైతే ఆమె ఫ్యాక్టరీలో సగం రోజు పోతుంది. నేను సరోజ వైపు చూశాను. సరోజ కిటికీ కమ్మీ పట్టుకుని, "ఉండనీ అక్కా" అని పెదాలతోనే అంది. కేఆర్ పురం వచ్చింది. నా బడిగంట నాకు వినబడింది. నేను కదల్లేదు. కంటోన్మెంటు కూడా వచ్చింది, నర్సమ్మది, ఆమెదీ. నర్సమ్మ డ్యూటీలో కచ్చితమైన మనిషి, అయినా కదల్లేదు. ఆమెను లేపడానికి మా ముగ్గురిలో ఒక్కరికీ చెయ్యి రాలేదు.

సిటీ స్టేషనులో బండి ఆగి, పెట్టె ఖాళీ అయ్యాక ఆమెకు మెలకువ వచ్చింది. లేస్తూనే మోచేతులు దగ్గరికి లాక్కుంది. బయటికి చూసింది, మమ్మల్ని చూసింది. "అయ్యో నా తల్లీ! మీ స్టేషన్లు?"

"దాటిపోయినాయి" అంది నర్సమ్మ.

"నేను మీ మీద పడినానా?"

"పడినావు. ముగ్గురి మీదా పడినావు."

"ఇరుకైందా?"

"బాగా ఇరుకైంది" అంది సరోజ, చెయ్యి విదిలించుకుంటూ. ఆమె ముఖం వాడిపోతుందేమోనని నాకు భయమేసింది. వాడిపోలేదు. మా ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూసి, పకపకా నవ్వింది. ఆ నవ్వుకు ఊడ్చేవాడు చీపురు ఆపి చూశాడు. తర్వాత కూడా ఆమె ఎప్పటిలాగే మెలకువగా కూర్చుని మమ్మల్ని లేపుతూ వచ్చింది. మేమూ ఎప్పటిలాగే నిద్రపోయాం. ఆమె నిద్రపోయింది ఆ ఒక్కరోజే.

అందుకే చెబుతున్నాను, ఆదివారం ఆ పెట్టెలో ఉన్నది నిద్ర కాదు. రెండు చేతులూ గుండె మీద కట్టి, మోచేతులు పక్కలకు నొక్కి, కాళ్ళు దగ్గరికి చేర్చి, ఎవరికీ అడ్డం రాకుండా పడుకోబెట్టారు. మెలకువగా ఉన్నప్పుడు బండిలో ఆమె కూర్చునేది అచ్చం అలాగే.

చివరి చూపుకు మా వంతు వచ్చినప్పుడు నర్సమ్మ ఆగిపోయింది. పోయినావిడ చెల్లెలు పెట్టె తల దగ్గర నిలబడి ఉంది. "ఏమమ్మా, స్వల్ప వెడల్పు పెట్టె దొరకలేదా?" అని అడిగింది నర్సమ్మ.

ఆ పిల్ల ఏడుస్తున్నదల్లా తలెత్తింది. ఆ కన్నీళ్ళలోనే ముఖం వెలిగింది. "అక్కరలేకపోయిందక్కా! మామూలు సైజే సరిపోయింది చూడండి" అంది.

సరిపోయింది తల్లీ, కాదనడం లేదు. మా ముగ్గురి ఏడుపూ అందుకే.